నోట్లో తెల్లమచ్చ: ముక్క తీయకుండా లేజర్ లైటుతో కనుక్కోవచ్చా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

కోటకాడ_బాబు (చంద్రగిరి), ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మా నాయనకి 61 ఏళ్ళు. ముప్పై ఏండ్లుగా వక్కాకు నములుతా ఉండాడు, పొగాకు కూడా రవ్వంత కలుపుకుంటాడు. ఎడమ బుగ్గ లోపల తెల్లగా మచ్చ ఒకటి వచ్చింది, గుడ్డతో రుద్దినా పోదు, నొప్పి లేదు, కారం తగిలితే మాత్రం మంట అంటాడు. పళ్ళ డాక్టర్ కాడికి పిలుచుకోని పోతే చూసి, చిన్న ముక్క తీసి టెస్టుకి పంపించాల, బయాప్సీ అంటారు అని చెప్పినారు. ఆ మాట విన్నాడో లేదో మా నాయన కుర్చీలోంచి లేసి చెప్పులేసుకున్నాడు. కత్తి పెడితే ముదురుతుంది రా, మీ పెదనాయనకి అట్లనే అయింది అంటా ఆటో ఎక్కేసినాడు. ఇది జరిగి పదైదు దినాలు అయింది.

నిన్న యూట్యూబ్‌లో ఒక వీడియో వచ్చింది, చర్మం మీద లేజర్ లైటు వేస్తే వెనక్కి చెదిరి వచ్చే కాంతిని బట్టి క్యాన్సరా కాదా చెప్పేస్తారంట, రామన్ స్పెక్ట్రోస్కోపీ అన్నారు. కత్తి లేదు, సూది లేదు. నాయనకి చూపిస్తే అదైతే వస్తా అన్నాడు. మన తిరపతిలో ఇది యాడన్నా చేస్తారా? స్విమ్స్‌లోనా, అలిపిరి కాడ టాటా వాళ్ళ క్యాన్సర్ ఆస్పత్రిలోనా? తెలిసిన వాళ్ళు బిన్నా చెప్పండి.

---

ఫిజిక్స్_అయ్యవారు (తిరుపతి), ఆదివారం రాత్రి 10:31

బాబూ, టెస్టు యాడ చేస్తారో నాకంటే తెలిసిన వాళ్ళు చెప్తారు, ఆ వీడియోలో చెప్పిన సంగతి ఏందో నేను చెప్తా, ముప్పై రెండేళ్ళు ఇంటర్ పిల్లోళ్ళకి చెప్పిన పాఠం ఇది.

1921లో సర్ సి.వి. రామన్ ఇంగ్లండు నుంచి ఓడలో వస్తా మధ్యధరా సముద్రం నీలంగా ఎందుకు ఉండాదని ఆలోచన చేసినాడు. ఆకాశం నీడ పడి అట్ల కనిపిస్తుందని అప్పుడు పెద్ద పెద్దోళ్ళు అంటా ఉన్నారు, ఆయన ఒప్పుకోలేదు, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయి అన్నాడు. కలకత్తాలో ఏడేండ్లు ఆ కాంతి పరిక్షేపణం, అంటే కాంతి చెదరడం మీదే పని చేసి, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి 1928 ఫిబ్రవరి 28న తేల్చింది ఏమంటే, చెదిరిన కాంతిలో ఎక్కువ భాగం వచ్చిన రంగులోనే పోతుంది, ఎక్కడో రవ్వంత మాత్రం రంగు మార్చుకోని వస్తుంది, ఆ మార్పు ఏ పదార్థానికి ఆ పదార్థానిదే. అదే రామన్ ఫలితం. 1930లో నోబెల్ వచ్చింది. మనం ఫిబ్రవరి 28న సైన్స్ డే చేసుకునేది ఇందుకే. ఆయన చిన్నప్పటి చదువు మన విశాఖపట్నంలోనే, వాళ్ళ నాయన అక్కడ కాలేజీలో లెక్చరర్.

రాత్రికి ఒక పని చేయి. గాజు గ్లాసులో నీళ్ళు పోసి నాలుగు చుక్కలు పాలు వేసి కలుపు. లైట్లు ఆర్పేసి సెల్ టార్చి పక్క నుంచి కొట్టు. పక్కన నిలబడి చూస్తే నీలంగా, టార్చికి ఎదురుగా చూస్తే పసుపు ఎరుపుగా కనిపిస్తుంది. పాలలో ఉండే సన్న సన్న రేణువులు నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. ఇది రంగు మారే రామన్ రకం కాదు, మామూలు చెదరడం. డాక్టర్లకి రెండు రకాలూ పనికొస్తాయి. మీ నాయనకి కూడా చూపించు, భయపడే మనిషికి చేతిలో ఒక గ్లాసు పెడితే రవ్వంత కుదురుకుంటాడు.

---

ఏర్పేడు_స్కాలర్, ఆదివారం రాత్రి 11:48

అన్నా, నేను పీహెచ్‌డీ చేస్తా ఉండేది ఈ స్పెక్ట్రోస్కోపీలోనే, రోజూ లేజర్ ముందరే కూర్చుంటా. కొంచెం పొడుగవుతుంది కానీ మొత్తం చదువు.

సంతలో కుండ కొనేటప్పుడు మా అవ్వ వేలి గణుపుతో కొట్టి చూసేది. మంచి కుండ ఖంగుమంటుంది, బీట ఉండేది బొద్దుగా పలుకుతుంది, పగలగొట్టి చూసే పని లేదు. మేం చేసేది అదే, వేలికి బదులు లేజరు, కుండకి బదులు అణువు. మేం వాడే లేజరు 785 నానోమీటర్లది. అది పోయి ప్రొటీన్‌లో ఉండే ఫినైల్ అలనిన్‌కి తగిలితే కొంచెం శక్తి అక్కడ వదిలేసి 852 నానోమీటర్లు అయి బయటికొస్తుంది, కొవ్వుకి తగిలితే 885 చుట్టుపక్కల. కాంతి ఎంత శక్తి వదిలిందో చూపించే అంకెలు గ్రాఫ్ కింద ఉంటాయి, దాంట్లో ఫినైల్ అలనిన్ 1004 అనే అంకె కాడ సూది మాదిరి నిలబడుతుంది, కొవ్వు 1440 కాడ గుట్ట మాదిరి వెడల్పుగా ఉంటుంది. మొదటిసారి నా కోడిమాంసం ముక్కలో ఆ 1004 సూది లేచినప్పుడు నేను గైడ్‌ని పిలవడానికి పరిగెత్తినా, ఈరోజుకీ దాన్ని చూస్తే సంతోషమే.

నోటి సంగతికి వస్తే, బాగుండే బుగ్గ లోపలి పొరలో కొవ్వు గుర్తులు ఎత్తుగా ఉంటాయి. క్యాన్సర్ వచ్చిన చోట అవి తగ్గి ప్రొటీన్ గుర్తులు పైకొస్తాయి. నవీ ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ ఉండాది, అక్కడ పేషంట్ల నోట్లోనే సన్న ప్రోబ్ పెట్టి ఏండ్ల తరబడి దీన్ని చూసినారు, అందువల్ల ఆ వీడియో అబద్ధం కాదు.

ఇంక చిక్కులు. రంగు మారి వచ్చే కాంతి సుమారుగా కోటికి ఒక వంతు. ఆ ఒక్కదాన్ని పట్టుకోవాలంటే గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతున్నా దాని గీతలు వచ్చి గ్రాఫ్‌లో కూర్చుంటాయి, అందుకే మేం నల్లగుడ్డ కప్పుకోని పని చేస్తాం. ప్రోబ్‌లో ఉండే గాజు తీగ కూడా తన సొంత గుర్తు కలిపేస్తుంది, దాన్ని ఆపడానికి కొనలో ఫిల్టర్లు పెట్టాల. అన్నిటికంటే పెద్ద చిక్కు ఫ్లోరసెన్స్, అంటే లేజర్ తగలగానే కొన్ని పదార్థాలు తామే వెలగడం. పొగాకు మరకలు, ఆకు రంగు, తిన్న కూరలో పసుపు ఇట్లాంటివి ఉండే నోట్లో ఆ వెలుగు వరద మాదిరి వస్తే మా సూది దాంట్లో మునిగిపోతుంది. అందుకే ముందు నోరు బాగా పుక్కిలించమంటారు.

ఇంకొకటి, ఇది మీ నాయనకి నేరుగా తగిలేది. పొగాకు నమిలే వాళ్ళకి మచ్చ లేని చోట కూడా రీడింగ్ మారిపోయి ఉంటుంది. అంటే దేన్ని బాగుండేది అనుకోని పోల్చాల? అక్కడే మిషన్ తడబడుతుంది.

కాబట్టి అన్నా, పేషంట్ వచ్చి డబ్బు కట్టి ముక్క లేకుండా నోటి క్యాన్సర్ ఉందో లేదో రిపోర్ట్ తీసుకోని పోయే పరిస్థితికి ఇది ఇంకా రాలేదు. దీని కోసం ఎదురుచూడొద్దు. ఈ మాట ఈ పనిలో ఉండే మనిషిగానే చెప్తా ఉండా.

---

రేణిగుంట_జంక్షన్, సోమవారం ఉదయం 6:20

అంతా చదివినా. ఫారిన్‌లో చర్మం క్యాన్సర్‌కి లైటు మిషన్ 2024లోనే వచ్చేసిందని పేపర్లో చూసినా నేను. అక్కడ వాళ్ళకి లైటు, మనకి కత్తా? ముక్క తీస్తేనే ల్యాబ్‌కి డబ్బులు, స్కాన్‌కి డబ్బులు. పేదోడికి సులువైంది రానీయరు. మా ఇంట్లో కూడా అక్కర్లేని టెస్టులు రాయించి పన్నెండు వేలు ఖర్చు పెట్టించినారు ఒక చోట, ఆ మంట ఇంకా పోలేదు నాకు.

---

పళ్ళ_డాక్టరమ్మ (చిత్తూరు), సోమవారం మధ్యాహ్నం 2:05

కోటకాడ బాబు గారూ, నేను ఓరల్ మెడిసిన్, అంటే నోటి జబ్బులు చూసే డాక్టర్ని. ఓపీ మధ్యలో రాస్తున్నాను, ముఖ్యమైంది ముందు చెప్తాను.

రుద్దినా పోని తెల్లమచ్చని ల్యూకోప్లేకియా అంటాం. అన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ భాగం కావు. కానీ ఏది అవుతుందో కంటితో చూసి చెప్పలేం, పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా చెప్పలేరు. తెలుపులో ఎరుపు కలిసి ఉన్నా, వేలితో తాకితే గట్టిగా ఉన్నా, పుండు రెండు మూడు వారాలకి మానకపోయినా ఇంకా జాగ్రత్త పడాలి. వక్క ఒక్కటే అయినా, పొగాకు లేకపోయినా, క్యాన్సర్ కారకమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చి చెప్పింది. మా పేషంట్లలో చాలామందికి ఈ మాట కొత్త.

కత్తి పెడితే ముదురుతుంది అనే మాట నేను వారానికి పదిసార్లు వింటాను. ఎందుకు పుట్టిందో కూడా నాకు తెలుసు. బాగా ముదిరిన తర్వాత వస్తారు, అప్పుడు ముక్క తీస్తాం, నాలుగు నెలల్లో మనిషి పోతాడు, నింద కత్తి మీద పడుతుంది. మీ పెదనాన్న గారికి కూడా అలాగే జరిగి ఉండొచ్చు. నోట్లో చిన్న ముక్క తీసినందువల్ల మచ్చ క్యాన్సర్‌గా మారదు.

ఇంట్లో ఒకటి చూడండి. ఆయన చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు మూడూ కలిపి నిలువుగా పై పళ్ళకి కింద పళ్ళకి నడుమ పట్టాలి. పట్టకపోతే వక్క వల్ల లోపలి పొర బిగుసుకుపోతున్నట్టు. నాకు చెప్పండి.

---

ఏర్పేడు_స్కాలర్, సోమవారం సాయంత్రం 7:15

రేణిగుంట అన్నా, నీ మంట నాకు అర్థమవుతుంది, కానీ ఆ పేపర్లో వచ్చిన మిషన్ గురించి పూర్తిగా చెప్తా విను. దాని పేరు డెర్మాసెన్సర్. అమెరికాలో మందులకి, వైద్యం మిషన్లకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 జనవరిలో ఒప్పుకుంది. అది రామన్ కాదు, అయ్యవారు చెప్పిన పాలగ్లాసు రకం, రంగు మారకుండా చెదిరే కాంతి. అది ఎట్ల పని చేస్తుందంటే, కణం నడుమ కేంద్రకం ఉంటుంది గదా, క్యాన్సర్ వైపు పోయే కొద్దీ అది లావవుతుంది, పక్క పక్కన కిక్కిరిసిపోతాయి. శనక్కాయలు జల్లెడ పడితే సైజు తెలిసినట్టు, ఏ రంగు ఎంత చెదిరింది అనేదాంట్లో కేంద్రకాల సైజు దాగి ఉంటుంది. దాన్ని లెక్కగట్టి తీయొచ్చని 1998లో అమెరికాలో లెవ్ పెరెల్‌మాన్, వాళ్ళతో పని చేసిన వాళ్ళు చూపించినారు.

అయితే ఆ మిషన్‌ని ఎఫ్‌డీఏ ఎట్ల ఒప్పుకుందో చూడు. నలభై దాటిన వాళ్ళకి, డాక్టర్‌కి ముందే అనుమానం వచ్చిన మచ్చ మీద, స్పెషలిస్ట్ కాడికి పంపించాలా వద్దా అని తేల్చుకోవడానికి. అది ఒక్కటే చూసి క్యాన్సర్ అని చెప్పడానికి కాదు. అనుమానం అని చెప్తే అక్కడ కూడా ముక్క తీస్తారు. పరీక్ష చేసిన జనంలో అన్ని రకాల చర్మాలూ సరిపడా లేవని, అమ్మకం మొదలైన తర్వాత కూడా ఇంకా పరీక్షలు చేసి చూపించాలని షరతు పెట్టింది. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ, అది కాంతిని మింగేస్తుంది. కరోనాలో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ కూడా నల్లటి చర్మం వాళ్ళకి ఆక్సిజన్ ఉండేదానికంటే ఎక్కువ చూపిస్తుందని 2020లో ఒక పరిశోధన చూపించింది. అక్కడ పనికొచ్చిందని తెచ్చి మన మీద నేరుగా పెట్టేస్తే నష్టపోయేది మనమే. అందుకే మన దగ్గర, మన నోళ్ళ మీద, మన చర్మం మీద పని జరగాల అని నేను గట్టిగా అనుకుంటా.

నిజంగా ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చింది ఒకటి ఉండాది. మెదడులో గడ్డ తీసేటప్పుడు సర్జన్‌కి అక్కడికక్కడ అది ఏం గడ్డో తెలియాల. మామూలుగా ముక్కని గడ్డకట్టించి కోసి రంగు వేసి చూడటానికి ఇరవై ముప్పై నిమిషాలు. రామన్‌లోనే ఒక రకంతో, రంగు వేయకుండా, ముక్కని అట్లనే లేజర్ కింద పెట్టి బొమ్మ తీసి కంప్యూటర్‌తో చదివిస్తే 150 సెకన్ల లోపల వచ్చేసింది, 278 మంది పేషంట్లలో కంప్యూటర్ 94.6 శాతం, పాథాలజీ డాక్టర్లు 93.9 శాతం సరిగ్గా చెప్పినారు, 2020లో అచ్చయింది. చూడన్నా, అక్కడ కూడా ముక్క బయటికి తీసినారు. కాంతి వచ్చి తగ్గించింది టైముని.

---

ల్యాబ్_టెక్_పుత్తూరు, సోమవారం రాత్రి 9:10

నేను చెప్పేది రవ్వంత వేరే. కాంతి చెదిరేదాన్ని చూసి జబ్బు పట్టుకోవడం కొత్తగా రాబోయేది కాదప్పా, మీరందరూ ఇప్పటికే చేయించుకోని ఉంటారు. జ్వరం వస్తే సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, రాస్తారు గదా, రక్తం ట్యూబు నా చేతికొస్తుంది. తెల్ల రక్తకణాల్ని ఐదు రకాలుగా లెక్కపెట్టే ఫైవ్ పార్ట్ మిషన్లు చాలావాటిలో లోపల లేజర్ ఉంటుంది. రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి, కొండ మీద క్యూలో జనం మాదిరి, ఆ లేజర్ ముందర నుంచి పోతాయి. నేరుగా ముందుకు చెదిరిన కాంతి కణం ఎంత పెద్దదో చెప్తుంది, పక్కకి చెదిరింది కణం లోపల గింజలు ఎన్ని ఉండాయో చెప్తుంది. స్క్రీన్ మీద చుక్కల గుంపులుగా వస్తాయి, ఒక గుంపు లింఫోసైట్లు, ఒక గుంపు న్యూట్రోఫిల్స్. ఒంట్లో వాపు ఉందేమో చూసే సీఆర్పీ టెస్టు కూడా కొన్ని మిషన్లలో ఇట్లనే, రక్తంలో రసాయనం కలిపితే సన్నగా మసక పడుతుంది, ఆ మసక ఎంత కాంతిని చెదరగొట్టిందో కొలుస్తుంది.

ఇంత నమ్మే మిషనే కూడా ఒక్కోసారి తప్పు చెప్తుంది. పోయిన వానాకాలం ఒక పాపకి ప్లేట్‌లెట్లు 32 వేలు అని కొట్టింది. వాళ్ళమ్మ కౌంటర్ కాడే ఏడ్చేసింది, డెంగ్యూ అని. పాప చూస్తే బిస్కెట్ తింటా ఉండాది. పక్కన ఎర్ర గుర్తు వేసి గుంపులు ఉండొచ్చు అని మిషనే చెప్పింది. స్లైడ్ మీద చుక్క పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తే ప్లేట్‌లెట్లు ద్రాక్షగుత్తి మాదిరి అతుక్కోని ఉండాయి, ట్యూబులో ఉండే మందుకి కొందరి రక్తం అట్ల అవుతుంది. వేరే ట్యూబులో తీసి పెడితే లక్షా తొంభై వేలు. కాంతి అనుమానం చెప్పింది, కన్ను తేల్చింది. బాబూ, మీ నాయన సంగతిలో కూడా నేను చెప్పేది ఇదే.

---

పలమనేరు_రైతు, సోమవారం రాత్రి 9:44

మంచి సంగతులు చెప్తా ఉండారు. మధ్యలో నాదొకటి. నాకు షుగర్ ఉండాది, వేలు పొడుచుకోని పొడుచుకోని మొద్దుబారిపోయినాయి. మా అల్లుడు ఒక ఉంగరం చూపించినాడు ఆన్‌లైన్‌లో, లైటుతో షుగర్ చూపిస్తుందంట, 2,499. కొనొచ్చా?

---

ఏర్పేడు_స్కాలర్, సోమవారం రాత్రి 10:02

కొనొద్దు మామా. చర్మం గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు ఒక్కటి కూడా మేం ఒప్పుకోలేదు, వాడొద్దు అని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరిక ఇచ్చింది. రామన్‌తో చర్మం మీద నుంచి గ్లూకోజ్ గుర్తు పట్టాలని అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు ఏండ్లుగా పని చేస్తా ఉండారు, 2020లో పందుల చెవి మీద గ్లూకోజ్ గుర్తు నేరుగా చూడగలిగినారు. అప్పుడు వాళ్ళు వాడిన మిషన్ ల్యాబ్‌లో బల్ల మీద పెట్టేది, వేలికి తొడిగేది కాదు. ఆ ఉంగరం చూపించే అంకె నమ్మి నువ్వు ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేలి కొన నడుమ కాకుండా పక్కవాటున పొడుచుకో, నొప్పి తక్కువ, దినానికి ఒక వేలు మార్చు.

---

వేలూరు_బస్సు (చిత్తూరు), మంగళవారం తెల్లవారి 5:35

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదివి పోతా ఉంటా. నిద్ర పట్టక రాస్తా ఉండా.

మా అన్నకి నాలుక పక్కన పుండు. ముక్క తీయాల అన్నారు. మా అన్న కూడా బాబు వాళ్ళ నాయన మాదిరే లేసి వచ్చేసినాడు. కత్తి లేకుండా నయం చేస్తామని ఒకరు పసరు పోసినారు, ఎనిమిది నెలలు పోసినారు, ప్రతి అమావాస్యకి. పుండు పైన రవ్వంత మానినట్టు కనిపించేది, మేం కూడా నమ్మినాం. మెడలో గడ్డ వచ్చిన తర్వాత చిత్తూరు నుంచి వేలూరు ఆస్పత్రికి బస్సు ఎక్కినాం. ఆ డాక్టరు ఒక్కటే అడిగినాడు, మొదట ఎప్పుడు చూసినారు అని. మా వదిన నెల చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి మా వదిన మొహం చూడకుండా ఫైలు కిందికి చూసినాడు. ఆ లెక్కపెట్టిన వేళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళ ముందర ఉండాయి.

బాబూ, నువ్వు లైటు కోసం ఎతకతా ఉండావు, అది మంచి సైన్సే కావచ్చు, నేను కాదనను. కానీ నీకు ఇప్పటికే పదైదు దినాలు పోయినాయి. మీ నాయనకి నా మాట చదివి వినిపించు.

---

కోటకాడ_బాబు, మంగళవారం రాత్రి 8:50

అన్నా, వినిపించినా. మా నాయన ఏం మాట్లాడలేదు. అన్నం తినేసి పోయి కోట పక్క అరుగు మీద కూర్చున్నాడు చానాసేపు.

డాక్టరమ్మా, మూడు వేళ్ళు పట్టలేదు. రెండు బాగా పోతాయి, మూడోది గోరు కాడ ఆగిపోతుంది. ఆయనకే తెలీదు ఇన్నాళ్ళూ, ముద్ద చిన్నగా కలుపుకుంటా ఉండాడు కొన్నాళ్ళుగా, మేం వయసనుకున్నాం.

అయ్యవారూ, పాలగ్లాసు చూపించినాం. మా పాప టార్చి పట్టుకుంది, తాతా నీలం తాతా నీలం అని ఎగిరింది. మా నాయన గ్లాసు చేతిలోకి తీసుకోని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇంత తెల్లగా ఉండేదాంట్లో ఇన్ని రంగులు ఉండాయా అన్నాడు. తర్వాత నన్ను అడిగినాడు, ఆ ముక్క ఎంత తీస్తారు రా అని. డాక్టరమ్మా, అది ఎట్ల చేస్తారో రవ్వంత వివరంగా రాస్తారా, చదివి వినిపిస్తా.

---

పళ్ళ_డాక్టరమ్మ, మంగళవారం రాత్రి 10:20

ఆయనకే రాస్తున్నాను.

అయ్యా, కుర్చీలో కూర్చోబెట్టి మొదట బుగ్గ లోపల ఒక చిన్న ఇంజెక్షన్ ఇస్తాం, చీమ కుట్టినట్టు ఉంటుంది, రెండు నిమిషాల్లో అక్కడ మొద్దుబారిపోతుంది. తర్వాత మీకు నొప్పి తెలియదు, ఎవరో బుగ్గ లాగుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. తీసే ముక్క పెసరగింజ కంటే కొంచెం పెద్దది, అంతే. ఒకటో రెండో కుట్లు పడతాయి. ముక్కని ఫార్మలిన్ అనే నీళ్ళున్న చిన్న సీసాలో వేసి మీ పేరు రాసిన చీటీ అంటిస్తాం, ఆ చీటీ మీరూ ఒకసారి చదివి చూసుకోండి. మొత్తం అరగంట. ఆ రోజు వేడివి, కారం వద్దు, చల్లారిన రాగి జావ తాగండి, పెరుగన్నం తినండి. ఆ సీసాలో ముక్కని పాథాలజీ వాళ్ళు వెంట్రుకకంటే పల్చగా కోసి, గులాబీ, ఊదా రంగులు వేసి చూస్తారు. ఆ స్కాలర్ అమ్మాయి చెప్పిన కేంద్రకాలు ఎంత లావున్నాయో, వరస తప్పాయో లేదో అక్కడ కంటికి కనిపిస్తుంది. షుగర్, బీపీ, రక్తం పల్చబడే మాత్రలు ఏమన్నా ఉంటే ముందే చెప్పండి.

వేళ్ళు పట్టలేదంటే వక్క ఈ పూట నుంచే ఆపాలి. పొగాకు ఒక్కటి మానేసి వక్క నమిలితే ప్రయోజనం లేదు.

---

రేణిగుంట_జంక్షన్, బుధవారం ఉదయం 7:05

బాబూ, నేను మొదట రాసిన మాట చూసి మీ నాయన ఆగిపోతాడేమో అని రాత్రంతా మనసు పీకింది. డబ్బు సంగతి నా బాధ నాది, అది వేరే. ఇక్కడ ముక్క తీయించు. రానూ పోనూ ఆటో కావాలంటే చెప్పు, చంద్రగిరి నాకు దూరం కాదు.

---

ఫిజిక్స్_అయ్యవారు, బుధవారం రాత్రి 9:00

మీ నాయన గ్లాసు తిప్పి అడిగిన మాట చదివి శానా సంతోషపడినా. ఆయనకి ఇంకొకటి చెప్పు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉండాది గదా, అక్కడ వాతావరణ పరిశోధన కేంద్రంలో రాత్రి పూట ఆకాశంలోకి పచ్చ లేజర్ వదులుతారు, లైడార్ అంటారు. పైన గాలిలో ధూళి, అణువులు చెదరగొట్టి వెనక్కి పంపిన కాంతిని దుర్భిణితో పట్టి, పదుల కిలోమీటర్ల ఎత్తులో ఏముందో లెక్కగడతారు. ఆకాశానికి చేసేదే నోటికి చేయాలని ఈ పిల్ల కష్టపడుతుంది. రామన్ దగ్గర కలకత్తాలో పని చేసిన వాళ్ళలో మన తెలుగాయన సూరి భగవంతం గారు ఉన్నారు. అమ్మా స్కాలరూ, నువ్వు ఆ దారిలోనే పోతా ఉండావు, ఆగొద్దు.

---

కోటకాడ_బాబు, శుక్రవారం మధ్యాహ్నం 1:30

అయిపోయింది. పొద్దున పోయినాం, రేణిగుంట అన్న తానే ఆటోలో వచ్చినాడు. ఇంజెక్షన్ అప్పుడు నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అంతే. చీటీ మీద పేరు తానే చదివి, ఇంటిపేరులో అక్షరం తప్పు రాసినారని దిద్దించినాడు. రెండు కుట్లు. ఇప్పుడు రాగి జావ తాగి పడుకున్నాడు. రిపోర్ట్ వారం అన్నారు.

---

కోటకాడ_బాబు, తర్వాత శనివారం సాయంత్రం 6:12

రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్ లేదు అని ఉండాది. కానీ మైల్డ్ డిస్‌ప్లేసియా అని రాసినారు, దాంతోపాటు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అని. డాక్టరమ్మా, సంతోషపడాలా భయపడాలా అర్థం కాలేదు.

---

పళ్ళ_డాక్టరమ్మ, శనివారం రాత్రి 8:40

సంతోషపడండి, కానీ తేదీలు తప్పొద్దు. మైల్డ్ డిస్‌ప్లేసియా అంటే కణాలు దారి తప్పడం ఇప్పుడిప్పుడే మొదలైంది అని అర్థం. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటే నేను ముందు చెప్పిన, వక్క వల్ల లోపలి పొర బిగుసుకుపోవడం. వక్క, పొగాకు మానితే కొందరిలో వెనక్కి తగ్గుతుంది కూడా. మూడు నెలలకి ఒకసారి చూపించాలి, ప్రతిసారీ అదే చోట ఫోటో తీసి పక్కన పెట్టి పోల్చాలి. మచ్చ మారితే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు, ఆ మాట ఆయనకి ఇప్పుడే చెప్పి ఉంచండి. నోరు తెరుచుకోవడానికి వ్యాయామం చూపిస్తారు, రోజూ చేయించండి.

---

ఏర్పేడు_స్కాలర్, శనివారం రాత్రి 9:25

అన్నా, ఇది చదివి ఊపిరి తీసుకున్నా. ఇట్ల మూడు నెలలకి ఒకసారి చూసే చోటే కాంతి ముందు పనికొస్తుందని నా నమ్మకం. ప్రతిసారీ కోయకుండా, ఈసారి ఏ మూల నుంచి ముక్క తీయాలో ప్రోబ్ చూపించాల. మా ల్యాబ్‌లో మనుషుల మీద చేయడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి లేదు, అందుకే మీ నాయనని రమ్మని పిలవలేను. కానీ తెల్లగా ఉండేదాంట్లో ఇన్ని రంగులు ఉండాయా అని ఆయన అడిగిన ప్రశ్న నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా.

---

పలమనేరు_రైతు, శనివారం రాత్రి 10:50

డాక్టరమ్మా, ఉంగరం కొనలేదు. ఇంకొక సంగతి. వారం దినాలుగా చెప్పాలా వద్దా అనుకుంటా ఉండా. నేను కూడా వక్కపొడి పొట్లాలు వేస్తా, పొలం కాడ దినానికి ఆరేడు. ఇందాక అద్దం ముందర వేళ్ళు పెట్టి చూసుకున్నా. రెండే పట్టినాయి.

---

పళ్ళ_డాక్టరమ్మ, శనివారం రాత్రి 10:58

సోమవారం పొద్దున తొమ్మిదికి మీకు దగ్గర్లో ఏ దంత వైద్యుడి దగ్గరికైనా వెళ్ళండి, చిత్తూరు రాగలిగితే నా దగ్గరికే రండి. టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకునే రండి, ఖాళీ కడుపుతో వద్దు. జేబులో ఉన్న పొట్లాలు ఈ రాత్రికే పారేయండి.